డోరిస్ గెంతులాట

ఆడవాళ్లకు ఆటలేంటి అంటారు కొందరు. యాభై దాటిన ఆడమనిషికి అసలే ఆటలేంటి అంటారు ఇంకొందరు. అమెరికా దేశంలో డోరిస్ సెల్ఫ్ అని ఒక ఆమె ఉండేది. 1925లో పుట్టింది. ఫ్లోరిడా రాష్ట్రంలో ఉండేది. 1984లో ఆమె ఒక ఆటలో ప్రపంచ రికార్డు పెట్టింది. అప్పుడు ఆమె వయసు 58 ఏళ్లు.

రికార్డు అంటే ఏమిటి? అంతవరకు ఎవరూ చేయలేనిది చేయడం. చేసినదాన్ని ఒక చోట రాసి పెట్టడం. ఈ రెండూ ఉంటేనే రికార్డు. చేసింది ఎంత గొప్పదైనా, రాసి పెట్టకపోతే చూసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

డోరిస్ ఆడింది కబడ్డీ కాదు, ఖోఖో కాదు. వీడియో గేమ్.

నాణెం వేస్తే ఆట

ఇప్పుడు పిల్లలు సెల్‌ఫోన్‌లోనే ఆటలు ఆడుతున్నారు. అన్నం పెట్టినా తల ఎత్తరు. 1980 ప్రాంతంలో సెల్‌ఫోన్లు లేవు. వీడియో గేమ్ ఆడాలంటే చాలామంది ఆటల దుకాణానికి వెళ్లేవాళ్లు. అమెరికాలో ఈ దుకాణాలను ఆర్కేడ్ అంటారు. మన పట్నాల్లో కూడా తర్వాత వీడియో గేమ్ పార్లర్లు వచ్చాయి.

ఆర్కేడ్‌లో పెద్ద పెద్ద పెట్టెలు వరసగా నిలబెట్టి ఉంటాయి. ఒక్కొక్కటి నిలువెత్తు బీరువా అంత ఉంటుంది. ముందు వైపు టీవీ తెర. తెర కింద పిడిలాంటి చిన్న కర్ర. దాన్ని జాయ్‌స్టిక్ అంటారు. ఇంకా కింద నాణెం వేసే సందు.

అమెరికా డబ్బు డాలరు. డాలరులో నాలుగో వంతు నాణెం ఒకటి ఉంది. మనకు ఒకప్పుడు పావలా ఉండేది చూడండి, అలాంటిదే. ఆ నాణెం సందులో వేస్తే ఆట మొదలవుతుంది. ఆటలో బొమ్మకు కొన్ని ప్రాణాలు ఇస్తారు. అవన్నీ పోతే ఆట అయిపోతుంది. చేతకానివాళ్లకు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. చేతనైనవాళ్లు అదే నాణెంతో గంటల తరబడి ఆడతారు. ఆడుతున్నంతసేపూ పాయింట్లు పెరుగుతుంటాయి.

ఇది జూదం కాదు. గెలిచినా పెట్టెలోంచి పైసా తిరిగి రాదు. తెర మీద అంకె కనిపిస్తుంది, అంతే. బాగా ఆడినవాళ్ల పేరు కూడా కనిపిస్తుంది. చాలా పెట్టెల్లో పేరుకు మూడు అక్షరాలకే చోటు. ఆ మూడు అక్షరాల కోసం కుర్రాళ్లు పడిచచ్చేవాళ్లు.

అవును, ఎక్కువమంది కుర్రాళ్లే. బడి వదిలిపెట్టగానే ఆర్కేడ్‌కు పరుగెత్తేవాళ్లు. పిల్లలు చెడిపోతున్నారని పెద్దవాళ్లు గోల పెట్టారు. కొన్ని ఊళ్లలో ఆంక్షలు కూడా పెట్టారు. అలాంటి చోట యాభై దాటిన ఆడమనిషి వచ్చి నిలబడి ఆడడం అరుదు.

కొలువు మెట్ల మీద తొక్కుడు బిళ్ల

డోరిస్ ఆడిన ఆట పేరు క్యూబర్ట్. 1982లో గాట్లీబ్ అనే అమెరికా కంపెనీ దీన్ని తయారు చేసింది. ఆటను నడిపించే ప్రోగ్రాం రాసింది వారెన్ డేవిస్. బొమ్మ గీసింది జెఫ్ లీ.

మీరు చిన్నప్పుడు తొక్కుడు బిళ్ల ఆడారు కదా. నేల మీద గళ్లు గీసి, ఒంటికాలి మీద గెంతేవాళ్లు. క్యూబర్ట్ కూడా గెంతులాటే. కాకపోతే గళ్లు నేల మీద ఉండవు. బొమ్మల కొలువు మెట్లలాగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అన్నిటికంటే పైన ఒక్కటే గడి. దాని కింద రెండు. ఆ కింద మూడు. ఇలా ఏడు వరసలు. కలిపి చూడండి:

1 + 2 + 3 + 4 + 5 + 6 + 7 = 28

మొత్తం 28 గళ్లు. ఆ గళ్ల మీద గెంతే బొమ్మే క్యూబర్ట్. నారింజ రంగు. గొట్టంలాంటి పొడుగు ముక్కు. రెండు కాళ్లు ఉంటాయి, చేతులు ఉండవు. చూస్తే నవ్వొస్తుంది. అది ఒక గడి మీద గెంతితే ఆ గడి రంగు మారుతుంది. 28 గళ్ల రంగూ మారిస్తే ఒక దిబ్బ పూర్తయినట్టు. వెంటనే ఇంకో దిబ్బ వస్తుంది.

ఇంతేనా అనుకోకండి. మెట్ల అంచు దాటి గెంతితే కింద పడిపోతుంది. పడినప్పుడు దబ్బుమని చప్పుడు వస్తుంది. అది స్పీకరులోంచి వచ్చే చప్పుడు కాదు. పెట్టె లోపల నిజంగానే కొట్టే ఏర్పాటు ఒకటి పెట్టారు. ఎవరో పడ్డట్టే వినిపిస్తుంది. ఒక ప్రాణం పోతుంది. క్యూబర్ట్‌కు దెబ్బ తగిలితే ఏదో గొణుగుతుంది కూడా. తిట్టులాగా ఉంటుంది గాని ఒక్క మాటా అర్థం కాదు. ఆ రోజుల్లో యంత్రం చేత మాటలు స్పష్టంగా పలికించడం కష్టమైంది. అందుకని శబ్దాలన్నీ కలగాపులగం చేసి వదిలేశారు. జనానికి అదే నచ్చింది.

ఇక పాము సంగతి. పైనుంచి ఊదారంగు బంతి ఒకటి దొర్లుకుంటూ వస్తుంది. అట్టడుగు మెట్టుకు చేరగానే అది పాముగా మారుతుంది. వైకుంఠపాళిలో పాము ఉన్నచోటే ఉంటుంది. ఈ పాము అలా కాదు. క్యూబర్ట్ ఎటు పోతే అటు వెంటపడుతుంది. దొరికితే ఒక ప్రాణం పోయినట్టే.

తప్పించుకోవడానికి ఒక దారి ఉంది. మెట్లకు పక్కగా, గాలిలో రంగుల పళ్లేలు కొన్ని తేలుతుంటాయి. పాము దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. సరిగ్గా అప్పుడు పళ్లెం మీదికి గెంతాలి. పళ్లెం క్యూబర్ట్‌ను ఎత్తుకుపోయి పై మెట్టు మీద దింపుతుంది. వెనకాలే గెంతిన పాము కింద పడి చస్తుంది. దానికి 500 పాయింట్లు. ముందుగా గెంతితే పాము పడదు, పళ్లెం వృథా. ఆలస్యమైతే పాము పట్టేస్తుంది. ఒకసారి ఎక్కిన పళ్లెం మళ్లీ పనికి రాదు. కాబట్టి ఏ పళ్లెం ఎప్పుడు వాడాలో ముందే ఆలోచించుకోవాలి. నెలాఖరు దాకా డబ్బు సర్దే మనిషికి ఈ లెక్క కొత్తేమీ కాదు.

ఆకుపచ్చ బొమ్మలు ఇంకో రెండు వస్తాయి. అవి చంపవు. కాని మార్చిన రంగులన్నీ చెరిపేస్తూ పోతాయి. ముగ్గు వేసిన వాకిట్లో కోళ్లు తిరిగినట్టే. వాటిని పట్టుకుంటే ఒక్కోదానికి 300 పాయింట్లు.

ఆట ముందుకు పోయేకొద్దీ కష్టం పెరుగుతుంది. మొదట ఒక్క గెంతుతో రంగు మారుతుంది. తర్వాత రెండు గెంతులు కావాలి. ఆ తర్వాత ఇంకో చిక్కు. రంగు మార్చిన గడిని మళ్లీ తొక్కితే పాత రంగే వచ్చేస్తుంది. వేసిన కుట్టు మనమే ఊడదీసినట్టు. దాంతో ఏ గడి తొక్కాం, ఏ గడి తొక్కలేదు అని చూసుకుంటూ దారి ఎంచుకోవాలి. వెనకాల పాము తరుముతూనే ఉంటుంది.

కర్రతో కూడా ఒక ఇబ్బంది ఉంది. చాలా ఆటల్లో కర్రను పైకి, కిందికి, పక్కలకు తోస్తారు. క్యూబర్ట్‌లో మూలలకు తోయాలి. కొత్తవాళ్ల చేయి మాట వినదు. ఎటో తోస్తే ఎటో పోయి పడుతుంది. పలక మీద మొదటిసారి అ రాసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కరలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ ఆట పుట్టిందే 1982లో. అప్పటికి డోరిస్‌కు 57 ఏళ్లు. ఆమె గెలిచింది 1984లో. అంటే చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య కాదు. అరవైకి దగ్గర పడ్డాక, కొద్ది కాలంలోనే నేర్చుకుంది. వయసు మీద పడితే చేతి చురుకు తగ్గే మాట నిజమే. కాని ఈ ఆటకు చురుకు ఒక్కటే చాలదు. పాము ఎటు వస్తుందో కనిపెట్టాలి. కంగారు పడకూడదు. ఒకే పనిని విసుగు లేకుండా వందసార్లు చేయగలగాలి.

లెక్కల పుస్తకం పెట్టిన మనిషి

ఇంతకీ డోరిస్ గెలిచిందని ఎవరు చెప్పారు?

అప్పట్లో ప్రతి ఊళ్లోనూ ఒకడు నేనే మొనగాణ్ని అనేవాడు. పక్క ఊళ్లో ఎవరెంత ఆడారో తెలిసేది కాదు. చాలా పెట్టెలకు కరెంటు ఆపితే చాలు, అందులో పాయింట్లు చెరిగిపోయేవి. రాత్రి దుకాణం కట్టేస్తే తెల్లారేసరికి ఏ గుర్తూ ఉండదు.

వాల్టర్ డే అనే ఆయనకు ఈ సంగతి పట్టింది. 1981 వేసవిలో ఆయన వందకు పైగా ఆర్కేడ్లు తిరిగాడు. ఏ ఆటలో ఎవరికి ఎక్కువ పాయింట్లు ఉన్నాయో రాసుకున్నాడు. అదే ఏడాది నవంబరులో అయోవా రాష్ట్రంలోని ఆటమ్వా అనే చిన్న ఊళ్లో సొంతంగా ఆర్కేడ్ పెట్టాడు. దాని పేరు ట్విన్ గెలాక్సీస్. 1982 ఫిబ్రవరిలో తన దగ్గర ఉన్న పట్టికను బయటపెట్టాడు. ఇక ఫోన్లు మోగడం మొదలైంది. దేశం నలుమూలల నుంచి ఆర్కేడ్లవాళ్లు ఫోన్ చేసి పాయింట్లు చెప్పేవాళ్లు. కంపెనీ పెట్టిన పని కాదు, సర్కారు చెప్పిన పని కాదు. ఒక మనిషి పుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టాడు. ఆ పుస్తకంలో పేరుంటేనే విజేత అనే దాకా వచ్చింది.

రాయడంతోపాటు నియమాలు కూడా పెట్టాల్సి వచ్చింది. ఆట పెట్టె లోపల కొన్ని స్విచ్చులు ఉంటాయి. వాటిని మార్చి దుకాణందారు ఆటను తేలిక చేయవచ్చు, కష్టం చేయవచ్చు. ఎక్కువ ప్రాణాలు ఇవ్వవచ్చు. ఒకరికి పెద్ద శేరు, ఒకరికి చిన్న శేరు పెట్టి కొలిస్తే న్యాయం ఎలా అవుతుంది? అందుకని పోటీలో అందరికీ ఒకే కొలత ఉండేలా చూసేవాళ్లు.

ఆర్కేడ్ వ్యాపారం ఎంత వేగంగా పెరిగిందో అంత వేగంగా పడిపోయింది. 1984 మార్చిలో ట్విన్ గెలాక్సీస్ దుకాణం మూతపడింది. కాని పట్టిక ఆగలేదు. పోటీలూ ఆగలేదు.

ఆ ఏడాదే వీడియో గేమ్ మాస్టర్స్ టోర్నమెంట్ అనే పోటీ జరిగింది. డోరిస్ క్యూబర్ట్ ఆడింది. ఆమెకు వచ్చిన పాయింట్లు 11,12,300.

ఈ అంకెను నిదానంగా చదవండి. పదకొండు లక్షల పన్నెండు వేల మూడు వందలు. ఒక గడి రంగు పూర్తిగా మారిస్తే వచ్చేది 25 పాయింట్లే. మొదటి దిబ్బలో 28 గళ్లకు కలిపి 700. దిబ్బ పూర్తయితే కొంత బోనసు, పామును పడేస్తే కొంత వస్తుంది. అవేవీ లేకుండా గళ్ల మీదే సంపాదించాలంటే 44,492 గళ్లకు రంగు మార్చాలి. బోనసులు వస్తాయి కాబట్టి అన్ని అక్కర్లేదు. అయినా వేల వేల గెంతులు. ప్రతి గెంతూ ఆమె చేతి మీద నడిచిందే.

అప్పటికి అది ప్రపంచ రికార్డు. అందరికంటే పెద్ద వయసులో వీడియో గేమ్ ఛాంపియన్ అయిన మనిషి అని డోరిస్‌కు పేరు వచ్చింది.

మళ్లీ పెట్టె ముందుకు

రికార్డు ఎవరి సొత్తూ కాదు. 1987లో మరో ఆటగాడు 22,22,220 పాయింట్లు తెచ్చుకున్నాడు. డోరిస్ పాయింట్లకు దాదాపు రెండింతలు. ఆమె పేరు మొదటి వరస నుంచి కిందికి దిగింది.

తర్వాత కాలం మారిపోయింది. ఇళ్లలో టీవీ ఆటలు పెరిగాయి, కంప్యూటర్లు పెరిగాయి. ఆర్కేడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పాత పెట్టెలు గోదాముల్లో చేరాయి. కొందరు మాత్రం వాటిని వదల్లేదు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఫన్‌స్పాట్ అనే పెద్ద ఆటల స్థలం ఉంది. అక్కడ పాత పెట్టెలను బాగు చేసి, మ్యూజియంలాగా పెట్టారు. చూసి రావడమే కాదు, ఆడుకోవచ్చు కూడా. పాత ఆటగాళ్లు అక్కడ పోటీలకు చేరేవాళ్లు.

డోరిస్ కూడా వదల్లేదు. పోయిన రికార్డు తిరిగి తెచ్చుకోవాలని ఆమె కోరిక. బిల్లీ మిచెల్ అని పేరుమోసిన ఆటగాడు ఒకాయన కూడా ఫ్లోరిడాలోనే ఉండేవాడు. ఆయన ఆమెకు ఒక క్యూబర్ట్ పెట్టెను ఇచ్చాడు. ఇక ఇంట్లోనే సాధన. నాణేలతో పని లేదు, కుర్రాళ్ల గుంపుతో పని లేదు. ఎంతసేపు ఆడినా ఎవరూ అడగరు.

2005లో డోరిస్ ఫన్‌స్పాట్‌కు వెళ్లింది. అప్పటికి ఆమెకు ఎనభై నిండబోతున్నాయి. ఫ్లోరిడా దేశానికి దక్షిణాన కింది చివర. న్యూ హాంప్‌షైర్ ఉత్తరాన పైన. మధ్యలో రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరం. ఆ వయసులో అంత దూరం వెళ్లింది తీర్థయాత్రకో, మనవల పెళ్లికో కాదు. నారింజ రంగు బొమ్మను మెట్ల మీద గెంతించడానికి.

అక్కడున్నవాళ్లలో చాలామంది ఆమెకు కొడుకుల వయసువాళ్లు. ఆమె అలాగే వాళ్ల మధ్య కూర్చుని ఆడింది. రికార్డు మళ్లీ రాలేదు. ఇరవై రెండు లక్షలు మామూలు మాట కాదు. ఓపిక, చూపు, చేయి మూడూ ఒక్కసారి సహకరించాలి. రాలేదని ఆమె సాధన మానలేదు.

ఆ రోజుల్లోనే సేత్ గోర్డన్ అనే దర్శకుడు పాత ఆటగాళ్ల మీద ఒక సినిమా తీస్తున్నాడు. కల్పిత కథ కాదు, నిజం మనుషులనే చూపించే సినిమా. పేరు ద కింగ్ ఆఫ్ కాంగ్. సినిమా ముఖ్యంగా వేరే ఆట గురించి. ఇద్దరు మగవాళ్ల పంతం గురించి. అందులో డోరిస్ కొద్దిసేపే కనిపిస్తుంది. సినిమా చూసినవాళ్లు ఆ ఇద్దరి గొడవ మర్చిపోయినా ఆమెను మర్చిపోరు.

ఆ సినిమా 2007లో విడుదలైంది. డోరిస్ దాన్ని చూడలేదు. 2006 అక్టోబరులో కారు ప్రమాదంలో గాయపడి ఆమె చనిపోయింది. అప్పటికి ఆమె వయసు 81.

క్యూబర్ట్‌లో పాయింట్లు ఆ తర్వాత ఇంకా పెరిగాయి. 2013లో ఒక ఆటగాడు ఎనభై గంటలకు పైగా ఒకే ఆట ఆడి, మూడు కోట్ల డెబ్బై లక్షలు దాటించాడు. ఆ ఆటకు నియమాలు వేరు, కాబట్టి డోరిస్ ఆటతో పోల్చి చూడకూడదు.

చదవండి, చెప్పండి

1. డోరిస్ 1925లో పుట్టింది. మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లు ఏ సంవత్సరంలో పుట్టారు? అడిగి రాయండి.

2. కొలువు మెట్లు ఏడు వరసలకు బదులు తొమ్మిది వరసలు ఉంటే ఎన్ని గళ్లు అవుతాయి?

3. 22,22,220లోంచి 11,12,300 తీసివేయండి. ఎంత వచ్చింది? ఆ అంకెను మాటల్లో రాయండి.

4. పాము దగ్గరికి వచ్చేదాకా క్యూబర్ట్ ఎందుకు ఆగాలి? మీ పక్కన కూర్చున్న ఆమెకు వివరించి చెప్పండి.

5. మీ ఊళ్లో ఎవరు ఏ పనిలో అందరికంటే మిన్న? నాట్లలో, కుట్టుపనిలో, పాటలో, ఈతలో. ఇంతవరకు ఎవరైనా రాసి పెట్టారా? లేకపోతే ఆమె పేరు, ఊరు, ఆమె చేసిన పని, సంవత్సరం మీ నోటుపుస్తకంలో రాయండి.